వాసన ఉన్న పాత గులాబీ, ఎవరూ వెయ్యని సీజన్ పూలు: మీ పెరట్లో ఏమున్నాయి?

మేడమీద మట్టి (కూకట్‌పల్లి) | జులై 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మూడేళ్ళ కిందట పసుపు, ఎరుపు కలిసిన గులాబీ మొక్క ఒకటి నర్సరీలో కొన్నాను. మొదటి చలికాలం అరచేయంత పూలు పూసింది. ముక్కు ఆనించి పీల్చినా వాసన లేదు. పోయిన ఎండాకాలం కొమ్మలు పైనుంచి నల్లబడుతూ వచ్చి మొత్తం ఎండిపోయింది. పారేయడానికి బద్ధకమై కుండీని వాటర్ ట్యాంకు పక్కకు నెట్టేశాను. జూన్ వానలకు మొదట్లోంచి రెండు కొమ్మలు లేచాయి. నిన్న పొద్దున చూస్తే గుత్తిగా మూడు పూలు. పసుపూ కాదు, ఎరుపూ కాదు, చక్కటి ముదురు గులాబీ రంగు. పువ్వు చిన్నదే, రేకులు మాత్రం కిక్కిరిసి ఉన్నాయి.

వాసన మేడ తలుపు తీయగానే తగిలింది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నూతి గట్టు పక్కన ఇదే ఉండేది. ఆవిడ రోజూ రెండు పూలు దేవుడికి కోసి, ఒక పువ్వు రేకులు తుంపి మంచినీళ్ళ కూజాలో వేసేది. ఇల్లు అమ్మేశాక ఆ చెట్టు ఏమైందో తెలియదు. అప్పటినుంచి అడగని నర్సరీ లేదు. మరి ఇది నా కుండీలోకి ఎలా వచ్చినట్టు?

రెండో సంగతి. ఇంకో పన్నెండు కుండీలు ఖాళీగా ఉన్నాయి. బంతి, చామంతి, పెటూనియా వేసి వేసి విసుగొచ్చింది. ఒక్క సీజన్‌లో పూసి పోయేవి, నర్సరీ వాళ్ళు అమ్మనివి ఏమైనా చెప్తారా?

గోంగూర గోపాలం (గుంటూరు) | జులై 9, రాత్రి 9:52

ఫోటో పెట్టకుండా పువ్వు పేరు అడిగితే జాతకం లేకుండా ముహూర్తం అడిగినట్టే.

మేడమీద మట్టి | జులై 10, ఉదయం 6:15

పెట్టాను అండీ. రెండోది ఆకు, మూడోది మొదలు. మొదట్లో పాత కాండం మీద బుడిపె ఉంది చూడండి, కొత్త కొమ్మలు దాని కిందనుంచి వచ్చాయి.

అంటుకట్టు (కడియం) | జులై 10, మధ్యాహ్నం 1:20

ఆ బుడిపె ఫోటో చూడగానే అర్థమైపోయింది. మీరు వెతుకుతున్న చెట్టు మూడేళ్ళుగా మీ దగ్గరే ఉందండీ, మీరు కొన్న మొక్కకు కాళ్ళు అదే.

నేను పదిహేనేళ్ళుగా గులాబీ అంట్లు కడుతున్నాను. మేం చేసేది ఇది. ఎడ్వర్డ్ గులాబీ అని ఒకటుంది. దాని కొమ్మలు పెన్సిల్ లావువి ముక్కలు చేసి కవర్లలో గుచ్చుతాం, ఇట్టే వేళ్ళు వేస్తాయి. అవి గట్టిపడ్డాక నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో బెరడు మీద ఇంగ్లీషు టీ ఆకారంలో గాటు పెడతాం. బెరడు కొంచెం ఎత్తి, రంగు గులాబీ నుంచి తీసిన కన్నును (కణుపు దగ్గరి చిగురు మొగ్గను) లోపలికి జార్చి ప్లాస్టిక్ రిబ్బన్‌తో చుడతాం. మూడు వారాలకు విప్పి చూస్తే కన్ను పచ్చగా ఉందంటే పట్టినట్టు. తర్వాత పైన ఉన్న ఎడ్వర్డ్ తల కోసేస్తాం. మీ బుడిపె ఆ కన్ను అతికిన చోటు.

పైది చచ్చిపోయింది, కిందది బతికింది. మామూలుగా అయితే ఆ అడుగు పిలకల్ని ఎప్పటికప్పుడు పీకేయమని చెప్తాం, లేకపోతే తిండంతా అవే లాగేస్తాయి. కొనేవాళ్ళకు ఈ మాట నేనే వందసార్లు చెప్పి ఉంటాను. మీరు పీకకపోవడం మంచిదైంది.

పాతపూల పిచ్చి (విజయనగరం) | జులై 10, సాయంత్రం 4:05

అన్నగారికి అభ్యంతరం చెప్పక తప్పదు. ఆ వాసన, ఆ రేకుల లెక్క చూస్తే డమాస్క్ గులాబీ. అత్తరు తీసేది, గులాబీ జలం తీసేది అదే. మన పెద్దలు పెంచిన నాటు గులాబీ అంటే డమాస్కే. ఎడ్వర్డ్ అనేది వేరు కోసం వాడే అడవి మొక్క.

అంటుకట్టు | జులై 10, సాయంత్రం 4:30

అడవి మొక్క అని మీకెవరు చెప్పారు సార్? రోజూ చేత్తో పట్టుకునేవాణ్ణి నేను.

పాతపూల పిచ్చి | జులై 10, సాయంత్రం 4:41

పట్టుకోవడం వేరు, గుర్తు పట్టడం వేరు.

మాలి తాత (అనంతపురం) | జులై 10, రాత్రి 8:10

ఇద్దరూ కాస్త ఆగండి నాయనా. తోటల శాఖలో ముప్పై ఏళ్ళు చాకిరీ చేసిన ముసలాణ్ణి, నన్నొక ముక్క చెప్పనివ్వండి.

జవాబు ఫోటోలో వెతకనక్కర్లేదు, ఆ అమ్మాయి రాసిన మాటలోనే ఉంది. అమ్మమ్మగారు రోజూ కోసేవారంది. అసలు సిసలు డమాస్క్ మన మైదానాల్లో రోజూ పూయదు. ఏడాదికి ఒక్కసారి, మార్చి ఏప్రిల్ నెలల్లో మూడు నాలుగు వారాలు విరగబూసి ఊరుకుంటుంది. అదీ చలికాలం గట్టిగా పడే ఉత్తరాదిలో. కనౌజ్ అత్తరు బట్టీలకు ఆ నెలల్లోనే చేతినిండా పని ఉండేది అందుకే. మన దక్షిణాది ఉక్కపోతలో దానికి చలి చాలక ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. రెండు విడతలు పూసే డమాస్క్ ఒకటి లేకపోలేదు గానీ, రోజువారీ పూజకు అందించేది మాత్రం కాదు.

ఆకు కూడా చూడండి. డమాస్క్ ఆకు కొంచెం బూడిద పచ్చ, పట్టుకుంటే మెత్తన. కాండం మీద పెద్ద ముళ్ళ మధ్య సన్నటి నూగు ముళ్ళు కిక్కిరిసి ఉంటాయి. ఫోటోలో ఉన్న కాండానికి కొక్కెంలా వంగిన ముళ్ళు దూరం దూరంగా ఉన్నాయి. ఇది ఎడ్వర్డే.

ఇక అది అడవి మొక్క అన్న మాట. అందులో ఒక తమాషా ఉంది. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే దీవి, అప్పట్లో దాని పేరు బుర్బోఁ. అక్కడ పొలాల గట్ల మీద రెండు రకాల గులాబీలు కంచెగా వేసేవారు. రెండు విడతలు పూసే డమాస్క్ ఒకటి, చైనా నుంచి వచ్చిన గులాబీ ఇంకొకటి. ఆ రెండూ కలిసి పుట్టిన మొక్కను 1817 ప్రాంతంలో బ్రేయోఁ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడని, దాని విత్తనాలు 1819లో పారిస్ చేరాయని చెప్తారు. కలకత్తాలో అంతకు ముందే ఉందని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఏదైతేనేం, బుర్బోన్ గులాబీల వంశమంతా అక్కడ మొదలు. మన ఎడ్వర్డ్ ఆ వంశంలో మూలపురుషుడు. వాసన డమాస్క్‌ది, ఏడాది పొడుగునా పూసే గుణం చైనాది. కాబట్టి పిచ్చిగారి ముక్కు కూడా పూర్తిగా తప్పు చెప్పలేదు.

పాతపూల పిచ్చి | జులై 10, రాత్రి 8:35

ఒప్పుకున్నాను తాతగారూ. మా ఇంట్లో ఉన్నది కూడా ఏడాదంతా పూస్తుంది. ఇరవై ఏళ్ళుగా డమాస్క్ అని అందరికీ చెప్పుకు తిరిగాను, ఇప్పుడు మా ఆవిడకు ఈ పేజీ చూపించకూడదు.

చిత్తూరు చిట్టెమ్మ (పలమనేరు) | జులై 10, రాత్రి 9:15

మా పక్క దీన్ని పన్నీరు రోజా అంటాం. అటు బెంగళూరులో, తమిళం వైపు కూడా అదే పేరు. గులాబీ అనే మాటకు అసలు అర్థం పువ్వు కాదు తెలుసా, పారసీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. పన్నీరు అన్నా ఆ నీళ్ళే. అంటే మనం రెండు పక్కలా ముందు బుడ్డిలో నీళ్ళకు పేరు పెట్టుకుని, తర్వాత దాన్ని పువ్వుకు తగిలించాం.

మేడమీద మట్టి | జులై 11, ఉదయం 7:02

రాత్రంతా ఇవే చదువుతూ కూర్చున్నాను. తాతగారూ, అంటుకట్టు గారూ, ఏం చెప్పాలో తెలియడం లేదు. పోయినేడాది ఒక అడుగు పిలకను నేనే పీకి చెత్తబుట్టలో వేశాను. దాన్ని ఇంకా పెంచాలంటే ఏం చెయ్యాలి?

అంటుకట్టు | జులై 11, మధ్యాహ్నం 12:50

వానాకాలం కాబట్టి ఇప్పుడే పెట్టండి. పువ్వు రాలిన కొమ్మ, మరీ లేతది వద్దు, మరీ ముదురుదీ వద్దు. జానెడు ముక్క, కింద కోత కణుపుకు ఆనుకుని ఏటవాలుగా. పైన రెండు ఆకులుంచి మిగతావి తీసేయండి. సగం ఇసుక, సగం ఎర్రమట్టి. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. నీడలో పెట్టి తడి ఆరకుండా చూడండి. నెల రోజులకు చిగురు వస్తుంది, కానీ చిగురు చూసి సంబరపడి పీకి చూడకండి. చాలామంది చేసే పాపం అదే. కొమ్మలో ఉన్న తిండితోనే చిగురు వేస్తుంది, వేరు తర్వాత వస్తుంది.

పది పెడితే ఏడెనిమిది బతుకుతాయి. అదే రంగు గులాబీ కొమ్మలు పది పెడితే రెండు బతికినా గొప్పే, అందుకే కదా మాకీ పని.

మొండిమొక్క (వరంగల్) | జులై 11, సాయంత్రం 6:30

గులాబీ సంగతి వచ్చింది కాబట్టి నా ఏడుపు కూడా వినండి. ఆన్‌లైన్‌లో ఒక సైటులో "నీలి గులాబీ విత్తనాలు, వంద గింజలు" అని చూసి తెప్పించాను. భక్తిగా కోకోపీట్‌లో వేసి పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లాను. వారానికి మొలకలొచ్చాయి. ఇంట్లో అందరికీ చూపించాను. నెలకు తేలింది ఏమిటంటే అది తోటకూర. పప్పులో వేసుకున్నాం.

మాలి తాత | జులై 11, సాయంత్రం 7:00

కనీసం కడుపులోకి పోయింది, నష్టం లేదు. నిజమైన నీలి గులాబీ ఇంతవరకూ లేదు నాయనా. జపాన్‌లో సంటోరీ కంపెనీ 2009లో జన్యుమార్పిడి చేసి అమ్మింది కూడా లేత ఊదా రంగే. ఇంకో సంగతి, గులాబీ రకాన్ని విత్తనంతో నిలబెట్టలేం. గింజ నుంచి వచ్చేది తల్లిలా ఉండదు. గులాబీ విత్తనాలు అమ్ముతున్నారంటేనే అనుమానించాలి.

బ్లూబానెట్ (ఆస్టిన్, టెక్సాస్) | జులై 12, ఉదయం 8:20

ఇంత దూరంనుంచి నేనూ ఒక చెయ్యి వేస్తాను. పన్నెండేళ్ళ కిందట ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు పెద్ద పెద్ద ఇంగ్లీషు గులాబీలు తెచ్చి పెట్టాను, ఆగస్టు ఎండకు వరసగా పోయాయి. తర్వాత ఒక పెద్దావిడ చెప్పింది, ఇక్కడ పాడుబడ్డ ఇళ్ళ దగ్గర, పాత శ్మశానాల్లో ఎవరూ నీళ్ళు పొయ్యకుండా వందేళ్ళుగా బతుకుతున్న గులాబీలను వెతికి కొమ్మలు తెచ్చుకునే పిచ్చివాళ్ళ గుంపు ఉందని. రోజ్ రస్లర్స్ అంటారు వాళ్ళను. పేరు తెలియని మొక్కకు దొరికిన చోటునుబట్టో, ఆ ఇంటావిడ పేరో పెట్టుకుంటారు.

వాళ్ళకు ఎక్కువగా దొరికేవి చైనా, టీ గులాబీలు. ఇవి వేడికి పుట్టినట్టే ఉంటాయి. నా దగ్గర ఓల్డ్ బ్లష్, మ్యుటాబిలిస్, డచెస్ ది బ్రబాంట్ ఉన్నాయి. మ్యుటాబిలిస్ పువ్వు ఐదు రేకులే. పొద్దున తేనె రంగులో విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ముదురు ఎరుపు. చెట్టు నిండా మూడు రంగులూ ఒకేసారి ఉంటే సీతాకోకచిలుకలు వాలినట్టు ఉంటుంది. మందు కొట్టి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

హైదరాబాద్ ఎండకూ ఇవి సరిపోతాయని నా నమ్మకం. అక్కడ దొరుకుతాయా?

మాలి తాత | జులై 12, రాత్రి 8:45

అమ్మా, నువ్వు చెప్పిన ఓల్డ్ బ్లష్‌కు మన దేశంతో చుట్టరికం ఉంది. 18వ శతాబ్దం చివర్లో చైనా నుంచి ఐరోపా వెళ్ళే ఓడలు కలకత్తాలో ఆగేవి. అక్కడి తోటల్లో కొన్నాళ్ళు సేదదీరి మళ్ళీ ఓడెక్కిన ఆ గులాబీలకు ఫ్రెంచివాళ్ళు బెంగాల్ గులాబీలు అని పేరు పెట్టేశారు. పుట్టిల్లు చైనా, ఇంటిపేరు బెంగాల్. అవి చేరేదాకా ఐరోపా తోటల్లో దాదాపు అన్నీ ఏడాదికి ఒక్కసారి పూసేవే.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. 1867లో లా ఫ్రాన్స్ అనే హైబ్రిడ్ టీ తరగతి గులాబీ వచ్చింది, ఆ ఏడాదికి ముందున్న తరగతుల్ని పాత గులాబీలు అంటారు. ఇప్పుడు నర్సరీల్లో దొరికేవి చాలావరకు ఆ తర్వాతివి, చల్లటి దేశాల కోసం చేసినవి. మన ఎండకు గులాబీ తయారు చెయ్యాలని పట్టుబట్టినాయన ఒకరున్నారు, విరు వీరరాఘవన్ గారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్. ఉద్యోగం ముందే వదులుకుని కొడైకెనాల్‌లో స్థిరపడి, భార్య గిరిజ గారితో కలిసి మణిపూర్ కొండల్లోని రోజా జైగాంటియా, బెంగాల్ చిత్తడి నేలల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లా అనే అడవి జాతులతో సంకరాలు చేశారు. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరుతో ఒక పసుపు గులాబీ ఉంది. గోల్డెన్ త్రెషోల్డ్ అని ఇంకొకటి, ఆ పేరు వింటే హైదరాబాదు వాళ్ళకు నాంపల్లి దగ్గరి సరోజినీ నాయుడు ఇల్లు గుర్తొస్తుంది.

దొరకడం అంటావా, మామూలు నర్సరీలో కష్టమే. గులాబీ ప్రదర్శనలకు వచ్చే పెంపకందార్లను పట్టుకోవాలి.

జహీరాబాదీ (హైదరాబాద్ పాతబస్తీ) | జులై 13, సాయంత్రం 5:10

మా నానీ ఈ పువ్వుతోనే గుల్‌కంద్ చేసేది. పొద్దున ఎండ ఎక్కకముందు కోసిన రేకులు, అడుగున ఉండే తెల్ల చివరలు తుంచేసి, కడిగితే నీడన పూర్తిగా ఆరనివ్వాలి. గాజు సీసాలో ఒక వరస రేకులు, ఒక వరస పటికబెల్లం పొడి, సమానంగా తూకం వేసుకుని. మూత పెట్టి రోజూ ఎండలో. రెండు మూడు రోజులకోసారి పొడి గరిటెతో కలపాలి. మూడు నాలుగు వారాలకు రేకులు జామ్‌లా నల్లబడి మెరుస్తాయి. బజారు పూలతో చెయ్యొద్దు, వాటి మీద ఏ మందులు కొట్టారో మనకు తెలియదు.

వాసన లేని గులాబీతో ఒకసారి చేశాను. పంచదార పాకంలో కాగితం ముక్కలు తిన్నట్టుంది.

మేడమీద మట్టి | జులై 13, రాత్రి 10:00

మూడు పూలకు గుల్‌కంద్ కల ఎక్కువే గానీ రాసిపెట్టుకున్నాను. పన్నెండు కుండీల సంగతి అందరూ మరిచిపోయారు. మళ్ళీ గుర్తు చేస్తున్నా.

తంగేడువనం (కరీంనగర్) | జులై 14, ఉదయం 6:50

మరిచిపోలేదు అక్కా. బతుకమ్మ పేర్చే ఊరుదాన్ని, నాకు తెలిసిన సీజన్ పూలన్నీ తాంబాళంలోవే. గునుగు మొదటిది. చేన్లల్లో దానంతటది వస్తుంది, కలుపు అని పీకేస్తారు. వెండి కుచ్చులా ఉండే పువ్వు, కొసకు లేత గులాబీ రంగు. మా చిన్నప్పుడు ఒక్క చేను గట్టు తిరిగితే చాలు, గోనె సంచి నిండేది. ఇప్పుడు కలుపు మందు కొట్టిన చేన్లల్లో గునుగు కోసం కిలోమీటర్లు నడుస్తున్నం. అందుకే రెండేళ్ళ కింద ఎండిన కంకులు దులిపి మా డాబా మీద కుండీలో చల్లిన. ఒక్క కంకిలో మెరిసే నల్లటి గింజలు గుప్పెడొస్తయి. మట్టి కప్పొద్దు, పైన చల్లి అరచేత్తో ఒత్తితే చాలు.

దాని చుట్టాలే సీతజడ, పట్టుకుచ్చు. ఇంకోటి బొగడబంతి. గుండ్రటి ఊదా పువ్వు, గరగరలాడుతుంది. కోసి తలకిందులుగా వేలాడదీస్తే ఏడాది దాకా రంగు పోదు. ఇవి నీళ్ళు మరిచిపోయినా అలగవు. జులై అంటే ఇంకా ఆలస్యం కాలేదు, ఈ వారమే వేసెయ్యండి.

చిత్తూరు చిట్టెమ్మ | జులై 14, ఉదయం 9:30

గోరింట పూలు చెప్పలేదే. చేతికి పెట్టుకునే గోరింట కాదు, కాయ ముట్టుకుంటే టప్పున పగిలి గింజలు చిమ్మేది. ఒక్కసారి వేస్తే చాలు, పక్కింటి కుండీలో కూడా అదే మొలుస్తుంది. మా అబ్బాయి స్కూలు నుంచి రాగానే పగలగొట్టే పని వాడిదే.

కాశీరత్నం కూడా. తీగ. ఆకు ఈకలా, పువ్వు ఎర్ర చుక్కలా. గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వెయ్యాలి, లేకపోతే మొండికేస్తాయి. తేనెపిట్టలు దాన్ని వదలవు.

బ్లూబానెట్ | జులై 15, ఉదయం 7:45

కాశీరత్నం ఇక్కడ మా కంచె మీద ఉంది. హమ్మింగ్‌బర్డ్స్ దానికోసమే వస్తాయి. అది అమెరికా ఖండపు తీగే, కాశీకి ఎలా ముడిపడిందో గానీ పేరు బాగుంది.

పాతపూల పిచ్చి | జులై 15, సాయంత్రం 6:00

నా వంతు. మంకెన పువ్వు. ఎర్రబడ్డ కళ్ళను మంకెనతో పోల్చడం పుస్తకాల్లో చదివినవాళ్ళు వేలమంది, పువ్వును చూసినవాళ్ళు ఎందరో చెయ్యెత్తండి. సంస్కృతంలో బంధూకం. మా ఊరి వరిచేల గట్ల మీద ఉండేది. వానాకాలపు మొక్క, నడుము ఎత్తు పెరుగుతుంది, ఆకు కోలగా అంచులు రంపంలా. పొద్దున్నంతా మొగ్గ బిగించుకుని ఉంటుంది. సరిగ్గా అన్నం వేళకు విచ్చుకుంటుంది. మర్నాడు తెల్లారేసరికి పువ్వు పువ్వంతా నేలమీద ఉంటుంది, రేకులు విడిపోకుండా. ఎరుపు అంటే అది.

తడి కావాలి దీనికి. కుండీ కింద పళ్ళెం పెట్టి నీళ్ళు నిలవుంచండి. మిగతా ఏ మొక్కకూ చెయ్యకూడని పని దీనికి చెయ్యాలి. గింజలు కావాలంటే నా దగ్గర ఉన్నాయి, కవరు మీద సొంత అడ్రసు రాసి స్టాంపు అంటించి పంపితే చాలు, డబ్బులొద్దు. ఎడ్వర్డ్‌ను డమాస్క్ అన్న పాపానికి పరిహారం.

నిర్వాహకులు | జులై 15, సాయంత్రం 6:20

అడ్రసులు ఇక్కడ బహిరంగంగా రాయకండి, ప్రైవేటు మెసేజ్‌లో మాట్లాడుకోండి.

వంటింటి తోటమాలి (నిజాంపేట) | అక్టోబర్ 12, ఉదయం 10:15

పాత చర్చ దారం పైకి తెస్తున్నాను, ఏమనుకోకండి. చలికాలపు పూలు వేసే వేళయింది కదా. అందరూ లార్క్‌స్పర్, నైజెల్లా, కార్న్‌ఫ్లవర్ అనే విదేశీ పూల గింజల ప్యాకెట్ల కోసం వెతుకుతున్నారు. నేను రెండేళ్ళుగా పోపుల డబ్బాలోంచి వేస్తున్నాను.

నల్ల జీలకర్ర, అదే కలోంజీ, నైజెల్లా కుటుంబమే. విదేశీ ప్యాకెట్లోది ముదురు నీలం, మనది తెలుపులో నీలి ఛాయ. ఆకు మాత్రం అదే సోంపు ఆకులా సన్నగా. తర్వాత వచ్చే కాయ కొమ్ములున్న బుడగలా ఉంటుంది, ఎండబెట్టి పూలకుండీలో పెట్టుకోవచ్చు. అవిసె గింజలు ఇంకా సులువు. నీలం పువ్వు పొద్దున విచ్చుకుంటే మధ్యాహ్నానికి రేకులు రాలిపోతాయి, మర్నాడు కొత్తవి సిద్ధం. (అవిసె చెట్టు కాదు, గింజలు వేయించుకు తింటామే, ఆ అవిసె.) కుసుమలు ముళ్ళ మొక్క, నారింజ రంగు కుచ్చు, నీళ్ళు దాదాపు అక్కర్లేదు. ధనియాల పూలు ఎవరూ పూలుగా లెక్కెయ్యరు గానీ ఒక కుండీ నిండా తెల్లగా నురగలా పూస్తే గులాబీ పక్కన ఎంత బావుంటుందో. వేయించని గింజలై ఉండాలి, అంతే. ఉన్న కుండీలోనే నేరుగా చల్లండి. వీటికి నారు తీసి నాటడం నచ్చదు.

మొండిమొక్క | అక్టోబర్ 12, ఉదయం 10:40

అయితే గసగసాలు కూడా చల్లేస్తా. పాపీ పూలు బావుంటాయి కదా.

నిర్వాహకులు | అక్టోబర్ 12, ఉదయం 10:43

వద్దు! అది నల్లమందు మొక్క. లైసెన్సు లేకుండా పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద నేరం. ఒక్క కుండీ అని మినహాయింపు లేదు. పాపీ కావాలంటే షర్లీ పాపీ ప్యాకెట్ కొనుక్కోండి.

మొండిమొక్క | అక్టోబర్ 12, ఉదయం 10:45

తోటకూరే నయం.

గోదారి గాలి (కాకినాడ) | అక్టోబర్ 13, రాత్రి 9:00

కోస్తా వాళ్ళకు ఒక హెచ్చరిక. లార్క్‌స్పర్ రెండేళ్ళు ప్రయత్నించాను. ఫ్రిజ్‌లో పదిరోజులు పెట్టి, చీకట్లో మొలకెత్తించి, నానా తంటాలు పడితే జానెడు ఎదిగి ఫిబ్రవరి ఉక్కకు ముడుచుకుపోయింది. హైదరాబాద్, అనంతపురం రాత్రుల చలి మాకు ఉండదు. మా చుట్టుపక్కల కాస్మోస్, జినియా, గోరింటలతో సరిపెట్టుకోవడమే సుఖం. లార్క్‌స్పర్ గింజలు విషం కూడా, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

మేడమీద మట్టి | ఫిబ్రవరి 16, ఉదయం 8:05

ఇన్నాళ్ళు కనిపించలేదని తిట్టుకోకండి. వరసగా చెప్తాను.

గునుగు దసరాకు బ్రహ్మాండంగా వచ్చింది. బొగడబంతి ఇంకా గుమ్మం మీద వేలాడుతోంది. పిచ్చిగారు పంపిన మంకెన గింజలు పదహారులో ఐదు మొలిచాయి, రెండు పూశాయి. ఒక ఆదివారం భోజనం ప్లేటుతో మేడెక్కి దానిముందు కూర్చున్నాను. పన్నెండూ ఇరవైకి మొగ్గ కొస వదులైంది. తర్వాత ఫోన్ మోగి కిందికి దిగి వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది! కాశీరత్నం మాత్రం డిష్ యాంటెన్నా ఎక్కేసి మా ఆయన క్రికెట్ ఆపేసింది.

నల్ల జీలకర్ర ఇప్పుడు పూస్తోంది. అవిసెలు అయిపోవచ్చాయి. ధనియాలను పేనుబంక తినేసింది.

గులాబీ కొమ్మలు పన్నెండు పెట్టాను. ఒకటి పీకి చూశాను (క్షమించండి అంటుకట్టు గారూ), రెండు కుళ్ళాయి, తొమ్మిది బతికాయి. తల్లిమొక్కను అక్టోబరులో తాతగారు మెసేజ్‌లో చెప్పినట్టు మూడో వంతు మాత్రమే కత్తిరించి, గుప్పెడు వేపపిండి వేశాను. నెలన్నర తర్వాత పూయడం మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆపలేదు. ఈరోజు పొద్దున లెక్కపెడితే పందొమ్మిది.

అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను, ఏమీ చెప్పకుండా. కాసేపు చూసి, "నూతి గట్టు దగ్గరది ఎవరు తెచ్చిచ్చారే?" అంది.

అంటుకట్టు | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:15

పీకి చూశారన్నమాట. సరే, తొమ్మిది అంటే మంచి లెక్కే.

గోంగూర గోపాలం | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 2:00

తొమ్మిదిలో ఒకటి గుంటూరు రావడానికి ఏమైనా అభ్యంతరమా? మా ఆవిడ ఈ దారం మొత్తం చదివి, ఆ మొక్క తెచ్చేదాకా గోంగూర పచ్చడి లేదంది.

మేడమీద మట్టి | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 2:20

ఒకటి కాదు, రెండు పంపిస్తాను. తెనాలికి దగ్గరే కదా మీ ఊరు. కొరియర్‌లో ఎలా కట్టాలో ఎవరైనా చెప్పండి, బబుల్ ర్యాప్ చుట్టనా?

అంటుకట్టు | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 2:31

వద్దండీ, లోపల ఉడికిపోతుంది. వేళ్ళ చుట్టూ మట్టి ఉండనిచ్చి తడి గోనెగుడ్డ చుట్టండి, పైన న్యూస్‌పేపరు. అట్టపెట్టెకు నాలుగు చిల్లులు. సోమవారం పంపండి, శనివారం పంపితే ఆదివారమంతా గోడౌన్‌లో పడుంటుంది.